బేస్ గిటార్: మీటడం కన్నా ముందు ఆపడం నేర్చుకోవాలి

గోదావరి జిల్లాల్లో పాటల ప్రోగ్రాం అంటే స్టేజీ మీద ఏముంటాయో అందరికీ తెలిసిందే. ఒక కీబోర్డు, కాస్త బడ్జెట్ ఉంటే రెండు, ఒక రిథమ్ ప్యాడ్, తబలా లేదా ఢోలక్, అప్పుడప్పుడు ఒక గిటార్. పాటకి అడుగున లోతు స్వరాలు వాయించే బేస్ గిటార్ కనిపించేది తక్కువ, ఆ పని కీబోర్డు ప్లేయర్ ఎడమచేత్తో కానిచ్చేస్తాడు. పెళ్లి ఆర్కెస్ట్రా అయినా, కోనసీమలో తీర్థం అయినా, దసరా పందిరి అయినా, ఆదివారం చర్చి అయినా చాలా చోట్ల ఇదే ఏర్పాటు. అందుకే ఇక్కడ బేస్ మొదలుపెట్టేవాళ్లకి అసలు ఇబ్బంది వేళ్ల దగ్గర రాదు, ఆ వాయిద్యం పాటలో ఏం పని చేస్తుందో పక్కన నిలబడి చూసే అవకాశం లేకపోవడం దగ్గర వస్తుంది. దాంతో ఫోన్లో వీడియోలు చూస్తారు, అక్కడేమో బొటనవేలితో తీగని కొట్టి వేగంగా వాయించే స్లాప్ విన్యాసాలు ముందు కనిపిస్తాయి, బేస్ అంటే అదే కాబోలు అనుకుని అక్కడ మొదలుపెట్టి రెండు నెలల్లో విసిగిపోయి వదిలేస్తారు.

బేస్‌లో నిజంగా సాధన చేయాల్సింది ఒక స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎంతసేపు ఉండాలి, ఎక్కడ ఆగాలి అన్నది. మొదలవ్వడం గురించి అందరూ చెబుతారు, ఆగడం గురించి చెప్పేవాళ్లు తక్కువ. డెల్టాలో ప్రోగ్రాములు జరిగే హాళ్లు ఎలా ఉంటాయో చూస్తే ఈ రెండోదే ఎక్కువ ముఖ్యమని తెలుస్తుంది, ఆ సంగతి కాస్త తర్వాత.

ముందు వాయిద్యం. నాలుగు తీగలు, లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి. మామూలు గిటార్‌లో కింది నాలుగు తీగలు ఏవో ఇవీ అవే, కాకపోతే ఒక స్థాయి కిందికి. లావు తీగని నొక్కకుండా మీటితే సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది, ఎ తీగ 55 సార్లు, డి తీగ 73, జి తీగ 98. ఫోన్ స్పీకర్‌కి ఆ లోతు పలికే శక్తి లేదు. రెండు మూడు వందల హెర్ట్జ్‌ల కిందకి వెళ్లేసరికి దాని గొంతు దాదాపు పడిపోతుంది, మనకి వినిపించేది ఆ స్వరం తాలూకు పై పొరలు మాత్రమే. కాబట్టి ఫోన్ స్పీకర్లో పాట విని బేస్ పట్టుకుందామంటే కుదరదు, వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. బ్లూటూత్ వద్దని గట్టిగా చెప్పాల్సిందే, ఎందుకంటే అందులో శబ్దం సెకనులో పదో వంతో ఐదో వంతో ఆలస్యంగా చేరుతుంది, దానితో కలిసి వాయిస్తుంటే తాళం తప్పుతున్నది మనమా యంత్రమా అన్నది ఎప్పటికీ తేలదు.

ఈ వాయిద్యం వయసు పెద్దదేమీ కాదు. అంతకుముందు బ్యాండ్లలో డబుల్ బేస్ ఉండేది, మనిషంత ఎత్తు, ఫ్రెట్లు (మెడ మీద స్వరాల చోట్లు చూపే అడ్డ కడ్డీలు) ఉండవు, మోసుకు తిరగడం కష్టం, మిగతావాళ్లు గట్టిగా వాయిస్తే వినపడేది కాదు. 1930లలోనే అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ ఒకటి తయారుచేశాడు కానీ అది పాకలేదు. 1951లో కాలిఫోర్నియాలో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాకే ప్రపంచం మారింది. ఫ్రెట్ వెనకాల నొక్కితే స్వరం సరిగ్గా పలుకుతుంది, ప్రెసిషన్ అంటే కచ్చితత్వం, అదే దాని పేరుకి కారణం. 1960లో అదే కంపెనీ నుంచి జాజ్ బేస్ వచ్చింది. ఆనాటి 34 అంగుళాల తీగ పొడవే ఇప్పటికీ ప్రమాణం, అంత లావు తీగ బిగుతుగా నిలిచి స్పష్టంగా పలకాలంటే ఆ పొడవు కావాలి.

ఎలక్ట్రిక్ తీగ వాయిద్యం అంటే ఈ నేలకి పరాయిది అనుకోనక్కర్లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ జంట తీగల పాశ్చాత్య మాండలిన్‌ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాయిద్యంగా మార్చుకుని కర్ణాటక సంగీతం పలికించాడు. అంతకు ముందు తరంలో వీణ చిట్టిబాబుది కాకినాడ. కాస్త వీణో వయొలినో నేర్చుకున్న పిల్లలు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లు బేస్ పట్టుకుంటే తాళజ్ఞానం అప్పటికే ఉంటుంది, అది చాలా పెద్ద ఆస్తి. వాళ్లు ఒకటే మార్చుకోవాలి: బేస్ తీగ ఒక్కొక్కటి పదిహేను నుంచి ఇరవై కిలోల బిగుతులో ఉంటుంది, వీణ తీగలా పక్కకి లాగి గమకం పలికిద్దామంటే లొంగదు, జారు మాత్రం చక్కగా పలుకుతుంది. గిటార్ నుంచి వచ్చేవాళ్ల సమస్య వేరు, వాళ్లకి ఖాళీ కనిపిస్తే నింపాలనిపిస్తుంది.

కొనడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నాలుగు తీగలది చాలు. ఐదోది ఎప్పుడు కావాలో కింద వస్తుంది. మరీ చిన్న చేతులైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ చూడొచ్చు. మామూలు బేస్ నాలుగు కిలోల అటూ ఇటూ బరువుంటుంది కాబట్టి సన్నటి పట్టీ కాకుండా వెడల్పాటి స్ట్రాప్ తీసుకోవాలి, లేకపోతే గంటలో భుజం పట్టేస్తుంది. సెకండ్ హ్యాండ్ అయితే మెడ చూడాలి: లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, మెడ బాడీలో కలిసే చోట ఇంకో వేలితో నొక్కి పట్టి ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూస్తే, విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టు. అసలు సందే లేకపోయినా, మరీ ఎక్కువున్నా ట్రస్ రాడ్ (మెడ వంపుని సరిచేసే లోపలి ఇనప కడ్డీ) సరిచేయాలి. ఒకేసారి పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకూడదు, తెలిసినవాళ్ల చేత చేయిస్తే ఇంకా మంచిది. డబ్బులు తక్కువుంటే ఖరీదైన బేస్ కన్నా మామూలు బేస్, సరైన సెటప్ (మెడ, తీగల ఎత్తు సరిచేయించడం), ఒక హెడ్‌ఫోన్ యాంప్ (బేస్ శబ్దాన్ని హెడ్‌ఫోన్‌లో వినిపించే చిన్న యాంప్లిఫయర్) అన్న వరుసలో ఖర్చుపెట్టడం తెలివైన పని. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కి బేస్ తగిలించి సౌండ్ పెంచితే చిన్న స్పీకర్ల కోన్లు చిరిగిపోవచ్చు.

ఇక చేతులు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి మీటాలి, మీటిన వేలు గాల్లోకి లేవకుండా పక్కనున్న లావు తీగ మీద వచ్చి ఆనాలి. ఇలా ఆనడం వల్ల ఆ తీగ దానంతటదే మోగదు. లావు తీగ వాయించేటప్పుడు బొటనవేలు పికప్ (తీగల కింద ఉండి వాటి కంపనాన్ని పట్టే అయస్కాంతపు పెట్టె) మీద ఉంటుంది, ఎ తీగకి, డి తీగకి వెళ్తున్నప్పుడు ఆ బొటనవేలు కూడా దిగి లావు తీగ మీద కూర్చోవాలి. ఎడమచేయి విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలా నొప్పులు తప్పుతాయి. బేస్ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి దూరం దాదాపు 13 సెంటీమీటర్లు, గిటార్ మీద పది కూడా ఉండదు. కాబట్టి కింది ఫ్రెట్లలో ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు అని పట్టుబట్టి చేతిని చీల్చుకోవడం అనవసరం, చూపుడువేలు, మధ్యవేలు, తర్వాత ఉంగరపువేలు చిటికెనవేలు రెండూ కలిపి ఒకటిగా వాడి మూడు ఫ్రెట్లు మాత్రమే అందుకోవాలి, నాలుగోది కావాలంటే చేతినే జరపాలి. డబుల్ బేస్ వాళ్ల పాత పద్ధతి ఇది. వేళ్ల చివర్లు మొదటి వారాల్లో మండుతాయి, అది మామూలే, కానీ మణికట్టు నొప్పి మామూలు కాదు, వస్తే ఆపేసి కూర్చునే తీరు మార్చుకోవాలి.

ఇప్పుడు అసలు సాధన. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి నాలుగు లెక్కలు. ఎ తీగ మూడో ఫ్రెట్ దగ్గర సి స్వరం, ఒకటి దగ్గర మీటి, మూడు అన్న క్షణంలో ఆపాలి. మూడుకి కాస్త ముందు కాదు, తర్వాతా కాదు. ఆపడం ఎలాగంటే నొక్కిన వేలిని పూర్తిగా ఎత్తేయకూడదు, ఎత్తేస్తే ఖాళీ తీగ మోగుతుంది, ఒత్తిడి మాత్రం వదిలి వేలు తీగకి తాకుతూనే ఉండాలి. ఇది కుదిరాక రెండు దగ్గర ఆపాలి, తర్వాత రెండుకి సగం దారిలో. నాలుగు లెక్కలూ నిండుగా ఉంచి మళ్లీ ఒకటి దగ్గర సందు లేకుండా ఇంకో స్వరానికి వెళ్లడం కూడా ఇందులో భాగమే, చూడ్డానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. ఖాళీ తీగల్ని మొదట్లో వాడకపోవడమే మేలు, ఆపడానికి అవి మొండికేస్తాయి.

ఫోమ్ ముక్క కూడా ఇందుకు బాగా పనికొస్తుంది. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) పక్కన తీగల కింద చిన్న స్పాంజి దూరిస్తే స్వరం పొట్టిగా, గుండ్రంగా వస్తుంది. పాత ప్రెసిషన్ బేస్‌లలో ఆ ఫోమ్ కంపెనీయే పెట్టి ఇచ్చేది. 1960లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే కంపెనీ రికార్డులకి వాయించిన జేమ్స్ జేమర్సన్ అలాగే ఉంచి వాయించాడు, అదీ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో. ప్రపంచంలో బేస్ వాళ్లు ఎక్కువగా చదువుకున్న చేతుల్లో ఆయనది ఒకటి. వేగం కోసం టెన్షన్ పడే కుర్రాళ్లు ఆ ఒక్క వేలి సంగతి తెలుసుకోవాలి.

స్వరాలు ఎక్కడున్నాయన్నది భయపడేంత విషయం కాదు, ఎందుకంటే ఈ నాలుగు తీగలూ ఒకదానికొకటి సరిగ్గా మధ్యమం దూరంలో కట్టి ఉంటాయి. అంటే ఎ తీగ మూడో ఫ్రెట్‌ని స అనుకుంటే, అదే ఫ్రెట్ దగ్గర పక్కనున్న సన్న తీగ డి మీద శుద్ధ మధ్యమం ఉంటుంది, అదే ఫ్రెట్ దగ్గర పక్కనున్న లావు తీగ ఇ మీద కింది పంచమం ఉంటుంది. స, మ, ప మూడూ ఒకే గీత మీద, చేయి కదపకుండా. కీబోర్డు వాళ్ల భాషలో సి, ఎఫ్, జి కార్డ్లకి మూలస్వరాలు ఇవే. మన జానపదాలు, చర్చి పాటలు, భజన పాటలు, పాత సినిమా పాటలు ఎన్నో ఈ మూడింటి మీద నడిచిపోతాయి. పై పంచమం కావాలంటే డి తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకి, పై షడ్జం కావాలంటే జి తీగ మీద అదే ఐదో ఫ్రెట్. ఈ బొమ్మ చేతికి వస్తే మొదటి ఆరు నెలలకి సరిపడా సరుకు వచ్చినట్టే.

దీని ఉపయోగం గాయకుడు శ్రుతి చెప్పినప్పుడు తెలుస్తుంది. ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్. మగవాళ్లు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర. ఒకటిన్నర అనగానే కీబోర్డు నేర్చుకునేవాళ్లకి నల్ల మెట్లు గుర్తొచ్చి గుబులు పుడుతుంది, ట్రాన్స్‌పోజ్ బటన్ వెతుకుతారు. బేస్ మీద అదే బొమ్మని ఒక ఫ్రెట్ ముందుకి జరిపితే అయిపోయింది. ఐదు, ఐదున్నర దగ్గర మాత్రం నాలుగు తీగల బేస్‌కి ఒక హద్దు ఉంది: స ఇ తీగ మూడో, నాలుగో ఫ్రెట్ల మీదకి వస్తుంది, దానికి కింద ఇంకో తీగ లేదు కాబట్టి కింది పంచమం ఉండదు, పై పంచమంతోనే సర్దుకోవాలి. ఆ లోటు పదేపదే ఇబ్బంది పెడుతోందని అనిపించినప్పుడు ఐదో తీగ గురించి ఆలోచించొచ్చు, అంతకుముందు అది ఆపాల్సిన తీగ ఇంకోటి పెరగడమే.

నడక కూడా మొదట్లో తేలిగ్గా ఉంచుకోవాలి. తకధిమి నడకలో ఒకటి, మూడు. తకిట తకిట నడకలో ఒకటి, నాలుగు. అంతే వాయించి, ప్యాడ్‌లో కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, పడే చోటు చెవితో పట్టుకుని దాంతో పాటు పడాలి. కిక్, బేస్ కలిసి పడితే వినేవాళ్లకి రెండు శబ్దాలు కాకుండా ఒకటే వినిపిస్తుంది, అలా వినిపించిన రోజు ఆ ఇద్దరి పని కుదిరినట్టు.

పైన చెప్పిన హాళ్ల సంగతి ఇప్పుడు. ఇ తీగ ఖాళీ స్వరం అల పొడవు ఎనిమిది మీటర్ల పైనే. ఎదురెదురు గోడల మధ్య దూరం ఒక స్వరం అల పొడవులో సగానికి సరిపోతే ఆ స్వరం ఆ గదిలో మిగతావాటికన్నా ఉబ్బి వినిపిస్తుంది. పది అడుగుల గదిలో ఆ ఉబ్బు ఎ తీగ ఖాళీ స్వరానికీ దాని పక్క ఫ్రెట్‌కీ మధ్య పడుతుంది, పద్నాలుగడుగుల దగ్గర లావు తీగ ఖాళీ స్వరం మీద పడుతుంది. ఇంట్లో సాధన చేస్తూ కొన్ని స్వరాలు గట్టిగా, కొన్ని మెల్లగా వస్తున్నాయని గిటార్‌ని అనుమానించేవాళ్లు ముందు గదిని అనుమానించాలి, హెడ్‌ఫోన్ పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఇక మన చర్చిలు, ఫంక్షన్ హాళ్లు చూస్తే నున్నటి సిమెంటు గోడలు, టైల్స్ నేల, పైన శ్లాబు లేదా రేకులు. తెరలు, తివాచీలు ఉన్నా అవి పై శబ్దాల్ని కొంత పీల్చుకుంటాయి కానీ ఈ లోతు శబ్దాల్ని ఏమీ చేయలేవు. మీటిన స్వరం ఆగాక కూడా హాల్లో తిరుగుతూనే ఉంటుంది, అది సద్దుమణగకముందే ఇంకోటి వస్తే రెండూ కలిసి గోదారి వరద నీళ్లలా అడుగు కనపడకుండా పోతుంది, పాట మాటలు వినపడవు, ముందు వరుసలో పెద్దవాళ్లు సౌండు తగ్గించమంటారు. తగ్గిస్తే బేసే వినపడదు. ఇక్కడ పనికొచ్చేది స్వరాన్ని పొట్టిగా వాయించడమే. హాలు ఎంత మోగితే స్వరం అంత పొట్టిగా. యాంప్‌ని మూలకి నెట్టకుండా గోడకి దూరంగా పెట్టడం, టోన్‌లో బాస్ నాబ్ పెంచే బదులు తగ్గించడం కూడా సాయం చేస్తాయి.

కొబ్బరి తోటలో షామియానా కింద అయితే అంతా తలకిందులు. గోడలు లేవు, శబ్దం తిరిగి రాదు, స్వరం నిండుగా వాయించకపోతే ఎండినట్టు ఉంటుంది. ఒకే పాట, ఒకే చేయి, రెండు చోట్ల రెండు రకాల పొడవు. ఈ తేడా విని చేతిని మార్చుకోవడం వచ్చినవాళ్లని ఏ ఆర్కెస్ట్రా వదులుకోదు.

ఇంకో చిక్కు కీబోర్డు ఎడమచేయి. ఏళ్ల తరబడి బేస్ పని చేసిన చేయి అది, పక్కన బేస్ గిటార్ వచ్చిందని దానికి తెలియదు. ఇద్దరూ కింది స్థాయిలో వాయిస్తే ఎవరూ తప్పు వాయించకపోయినా బురదే. రిహార్సల్‌లోనే కూర్చుని, అన్నా, ఎడమచేయి కొంచెం పైకి వాయించండి అని మర్యాదగా అడగాలి. స్టైల్స్ (కీబోర్డు తనంతట తనే వాయించే తాళం, తోడు సంగీతం) వేసి వాయించే కీబోర్డు అయితే ఆ స్టైల్‌లో బేస్ భాగం ఒకటి లోపలే నడుస్తూ ఉంటుంది, దాన్ని విడిగా ఆఫ్ చేసే వీలు చాలా కీబోర్డుల్లో ఉంటుంది. చాలామంది కొత్తవాళ్లు వాయించేది తమకే వినపడక సౌండు పెంచుకుంటూ పోవడానికి అసలు కారణం ఈ లోపలి బేసే.

కరెంటు విషయంలో మాత్రం మొహమాటపడకూడదు. బేస్ తీగలు యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఎర్తింగ్ సరిగ్గా లేని పందిట్లో, జనరేటర్ మీద, యాంప్ ఒక బోర్డులోనూ మైక్ సెట్ ఇంకో బోర్డులోనూ ఉన్నప్పుడు తీగల మీద చేయి ఉంచి మైకుకి పెదవి తగిలితే షాక్ కొట్టొచ్చు, అది ప్రాణం మీదకి రావొచ్చు. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు వాడకూడదు, వాయించే ముందు మైక్ సెట్ అతన్ని అడిగి రెండూ ఒకే ఎర్త్ ఉన్న బోర్డుకి తగిలించుకోవాలి, టెస్టర్‌తో మైకునీ యాంప్ బాడీనీ ముట్టించి చూడాలి. అనుమానం ఉంటే ఆ పాటకి బేస్ లేకపోయినా పర్వాలేదు. నేరుగా మిక్సర్‌కి తగిలించాల్సి వస్తే మధ్యలో డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) ఉండాలి, లేకపోతే సౌండు పలచగా వస్తుంది.

నరసాపురం, అంతర్వేది, కాకినాడ వైపు ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగల పైనా కిందా తుడవడం, బ్యాగులో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయడం, ఎండలో నిలిపిన వ్యాన్‌లో గిటార్ వదలకపోవడం, ఇవి చాలు. వానాకాలం మొదలయ్యాక మెడ ఒకసారి చూసుకోవాలి, తేమకి చెక్క కదులుతుంది.

స, మ, ప దాటి ఎప్పుడు వెళ్లాలి అంటే, ఆ మూడింటితో ఒక పాట మొత్తం ఒక్క స్వరం కూడా అనవసరంగా మోగకుండా వాయించగలిగినప్పుడు. అప్పుడు దారి స్వరాలు చేర్చుకోవచ్చు: సి నుంచి ఎఫ్‌కి వెళ్లే ముందు చివరి లెక్కలో ఎఫ్‌కి ఒక ఫ్రెట్ కింద ఉన్న ఇ స్వరం, అంటే డి తీగ రెండో ఫ్రెట్, జి నుంచి సి కి వచ్చే ముందు ఎ తీగ రెండో ఫ్రెట్ మీదున్న బి. రెండూ చేతికి అందే దూరంలోనే ఉన్నాయి. పల్లవి నుంచి చరణంలోకి వెళ్లేటప్పుడు ఒకసారి, చరణం అయ్యి పల్లవి మళ్లీ అందుకునేటప్పుడు ఒకసారి వేస్తే పాడేవాళ్లకి తర్వాతి లైను ఎక్కడ మొదలవుతుందో బేసే చెప్పినట్టు ఉంటుంది. ప్రతి లైనుకీ వేయడం మొదలుపెడితే ఆ పని చేయదు.